చెరువు లెక్క వేరు, మడి లెక్క వేరు: హోబార్ట్ వెళ్లే మన ప్రతినిధులకు అనంతపురం నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

అంటార్కిటికా సముద్ర జీవ సంపద సంరక్షణ కమిషన్‌లో భారతదేశం తరఫున కూర్చునే మీకు నమస్కారం. ఏటా అక్టోబరులో ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా దీవిలో, హోబార్ట్‌లో మీ సమావేశం జరుగుతుంది. అక్కడ క్రిల్ అనే చిన్న సముద్ర జీవి గురించి మాట్లాడతారు. ఆ క్రిల్ గురించే ఈ ఉత్తరం.

నేను అనంతపురం జిల్లాలో చిన్న నూనె మిల్లు నడుపుతాను. బుడ్డలు ఆడిస్తాను, మీరు వేరుశనగ అంటారు. సముద్రాన్ని నా జన్మలో మూడుసార్లు చూశాను. రెండుసార్లు పెళ్లిళ్లకని చెన్నై పోయినప్పుడు, ఒకసారి మా చిన్నోడికి విశాఖపట్నంలో పరీక్ష పడితే. "ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరోనివి, నీకెందుకయ్యా సముద్రం?" అని మా ఆవిడే అడిగింది. మా ఇంట్లో పరిచిన కడప బండలు ఒకప్పటి సముద్రపు అడుగేనని, కోట్ల ఏళ్ల కిందట అక్కడ పేరుకున్న మట్టే రాయయిందని చెప్పాను. ఆ జవాబు ఆమెకు ఆనలేదు. మీకూ ఆనకపోవచ్చు. అసలు సంగతి వేరే ఉంది.

పోయిన ఏడాది మా పెద్దోడు అమెరికా నుంచి వస్తూ, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులకని ఒక సీసా తెచ్చాడు. ఎర్రటి క్యాప్సూల్స్. నూనె వ్యాపారికి ఒక జబ్బు ఉంటుంది. ఏ నూనె కనబడినా దేన్నుంచి తీశారు, నూటికి ఎంత దిగింది, నూనె తీశాక మిగిలిన చెక్క ఎవరు కొన్నారు అని అడక్కుండా ఉండలేడు. సీసా మీద క్రిల్ ఆయిల్ అని ఉంది. ఒక క్యాప్సూల్ పగలగొట్టి వేలికి రాసుకుని వాసన చూశాను. ఎండు రొయ్యల వాసన. ఆ వాసన తగిలాక మా ఆవిడ మళ్లీ ఆ సీసా ముట్టలేదు. నేను మాత్రం ఆ రాత్రి ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి ఏడాదయింది.

నాకు అర్థమైనంతలో చెబుతాను, తప్పుంటే దిద్దండి.

క్రిల్ రొయ్యకు దూరపు చుట్టం. అంటార్కిటికా క్రిల్ ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మహా అయితే రెండు గ్రాములు తూగుతుంది, ఐదారేళ్లు బతుకుతుంది. ఒక్కటిగా చూస్తే దాని బతుకెంత! కానీ గుంపు కట్టిందంటే ఒక్క ఘనపు మీటరు నీళ్లలో పది వేలకు పైనే ఉంటాయి. మా మిల్లు మీది వెయ్యి లీటర్ల ట్యాంకు సరిగ్గా ఒక ఘనపు మీటరు. ఆ ట్యాంకులో పది వేల ప్రాణాలు ఈదుతున్నట్టు ఊహించుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో విచిత్రం. చలికాలంలో మేత దొరక్కపోతే క్రిల్ ఒళ్లు తగ్గించుకుంటుంది. పాత పెంకు వదిలేసి అంతకన్నా చిన్న పెంకు తొడుక్కుంటుంది. మా తట్టు కరువు ఏళ్లలో పశువుల డొక్కలు ఎండిపోవడం చూశాను, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేంత చిక్కిపోవడం చూశాను. పశువే పొట్టిదైపోవడం మాత్రం ఎక్కడా చూడలేదు. ఇంతటి కరువు విద్య తెలిసిన జీవికీ చిన్నతనంలో ఒక ఆధారం కావాలి. పిల్ల క్రిల్ సముద్రం మీద గడ్డకట్టిన మంచు అడుగున చేరి, అక్కడ పట్టిన నాచు గీక్కుని తిని చలికాలం గడుపుతుంది. మంచు తగ్గితే ఆ మేత తగ్గుతుంది. 1970ల నుంచి లెక్క చూస్తే దక్షిణ అట్లాంటిక్‌లో క్రిల్ చిక్కగా ఉండే చోటు సుమారు 440 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిందని శాస్త్రవేత్తలు రాశారు.

నూనె మాటకొస్తే, మా బుడ్డల పప్పు నూరు కిలోలు ఆడిస్తే నలభై కిలోలకు అటూ ఇటూ నూనె దిగుతుంది. క్రిల్‌లో కొవ్వు పచ్చి బరువు మీద నూటికి కొద్ది పాళ్లే, అదీ కాలాన్ని బట్టి మారుతుంది. అంటే ఒక చిన్న సీసా వెనక ఎంత క్రిల్ ఉందో ఒక మిల్లువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతాది పిండి అవుతుంది. ఆ పిండిలో చాలా భాగం చెరువుల్లో, సముద్రపు పంజరాల్లో పెంచే చేపలకు, ముఖ్యంగా సాల్మన్‌కు మేతగా పోతుంది. మా చెక్క పశువులకు పోయినట్టే. మనుషులు నేరుగా తినడం తక్కువ. ఒకప్పుడు సోవియట్ వాళ్లు క్రిల్ ముద్ద చేసి అమ్మి చూశారు, అంతగా నడవలేదు. క్రిల్ పెంకులో ఫ్లోరైడ్ మెండు. చచ్చిన వెంటనే పెంకు వలవకపోతే ఆ ఫ్లోరైడ్ కండలోకి దిగుతుంది. ఫ్లోరైడ్ అనే మాట చదవగానే ఆగిపోయాను. మా పక్క ఊళ్లలో గారపళ్ల పిల్లల్ని చూసినవాణ్ని. ఎక్కడో ధ్రువం దగ్గరి జీవికీ మా బోరు నీళ్లకూ ఈ చుట్టరికం ఏమిటో!

ఇక తినేవాళ్ల సంగతి. అక్కడ ఒక సీల్‌కు పీతలు తినే సీల్ అని ఇంగ్లీషులో పేరు పెట్టారు. అది తినేది పీతల్ని కాదు, దాదాపు అంతా క్రిల్‌నే. దాని దవడ పళ్లకు పాయలు పాయలుగా గంట్లు ఉంటాయి. నోటి నిండా నీళ్లు పట్టి ఆ పళ్ల సందుల్లోంచి బయటికి తోస్తే నీళ్లు పోతాయి, క్రిల్ నిలుస్తుంది. అచ్చంగా మా జల్లెడ. అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ అనే పెంగ్విన్ల కాలనీల్లో నేలంతా గులాబీ రంగులో ఉంటుంది. క్రిల్ తిని వేసిన రెట్ట అది. మా సీసాలోని క్యాప్సూల్ ఎరుపూ ఆ రంగే.

అందరికన్నా పెద్ద తిండిపోతు తిమింగలం. పసిఫిక్‌లో ఒక నీలి తిమింగలం మేత బాగా దొరికిన రోజున 16 టన్నుల దాకా క్రిల్ తింటుందని 2021లో ఒక పరిశోధనలో తేల్చారు. పది టైర్ల లారీకి నిండు లోడు. రోజుకొక లారీ! అది విని మా మిల్లు హమాలీలు నవ్విన నవ్వు మీరు వినాల్సింది.

అట్లాంటి తిమింగలాలను ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలోనే 20 లక్షలకు పైగా చంపారు. అదీ ఎక్కువగా నూనె కోసమే. అందుకే ఈ వ్యవహారంలో నా కులవృత్తి మీద నాకే కాస్త సిగ్గుగా ఉంది. అంతమంది తినేవాళ్లు పోయాక క్రిల్ కుప్పలు తెప్పలుగా మిగిలిపోతుందని అప్పటి పెద్దలు అనుకున్నారు. మిగల్లేదు. దానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి మా ఊరి గొర్రెల కాపరికి చెబితే నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు: "అది కనుక్కోవడానికి ఓడలేసుకుని అంత దూరం పోవాల్నా?" ఎండాకాలంలో మేం గొర్రెల మందను చేలో కట్టించుకుంటాం. రాత్రంతా మంద అక్కడ పడుకుంటే పెంట, మూత్రం నేలకు దిగుతాయి. అందుకు కాపరికి మేమే డబ్బో గింజలో ఇస్తాం. తిమింగలం కూడా అంతే. దాని పేడలో ఇనుము ఉంటుంది. ఆ దక్షిణ సముద్రంలో మిగతా పోషకాలు ఉన్నా ఇనుము కరువు. ఇనుము నీళ్ల పైపొరలో పడితే కంటికి కనపడని నాచు పెరుగుతుంది, ఆ నాచును క్రిల్ తింటుంది. మంద పోయింది, చేనికి ఎరువూ పోయింది.

ఇదంతా మీకు తెలిసిందే. మీకు నేను చెప్పడం కొండను అద్దంలో చూపించినట్టు ఉంటుంది. నేను చెప్పాల్సింది ఇక మీదట ఉంది.

క్రిల్ పట్టే ఓడల వాళ్లు ఒక లెక్క చెబుతారు. దక్షిణ అట్లాంటిక్‌లో, మీ కాగితాల్లో 48వ ప్రాంతం అని రాసుకునే చోట, 2019లో చేసిన సర్వేలో 6 కోట్ల 26 లక్షల టన్నుల క్రిల్ తేలింది. ఏడాదికి పట్టుకోదగిన హద్దు 6 లక్షల 20 వేల టన్నులు. నూటికి ఒకటి. నూటికి ఒకటి తీసుకుంటే ఎవరికి నష్టం అంటారు. ఆ లెక్క అబద్ధం కాదు. మీ కమిషన్ పద్ధతి కూడా మంచిదే. వేటాడే జీవులకు మిగలాలని, అసలు వేటే లేకపోతే ఎంత క్రిల్ ఉంటుందో అందులో 75 శాతం నీళ్లలో ఉండేలా పెద్ద హద్దు లెక్కగట్టారు. ఆ పెద్ద హద్దు 56 లక్షల టన్నులు. ఏ చోట ఎంత పట్టాలన్న పంపకం తేలేదాకా దాన్ని ముట్టకుండా 6 లక్షల 20 వేల దగ్గరే ఆగుతున్నారు. తినే నోళ్లను ముందు లెక్కలో పెట్టి తర్వాత మనిషి వాటా తీయడం చాలా వ్యాపారాల్లో నేను చూడలేదు.

కానీ ఈ లెక్కను మేం వేరే చోట చూసినవాళ్లం.

1988లో మా నాయన మా చేలో బోరు వేయించాడు. 180 అడుగుల్లో నీళ్లు పడ్డాయి. ఊరంతా టెంకాయలు కొట్టాం. మా చేను పక్కనే మా పెద్దనాయన బావి. నాలుగు తరాల బావి, కపిల తోలిన బావి. మూడో ఏట అది అడుగంటింది. అప్పుడు భూగర్భ జలాల లెక్క చూస్తే మండలం మొత్తానికి నీళ్లు సరిపడా ఉన్నాయనే ఉంటుంది. ఉన్నాయి కూడా, ఆరు మైళ్ల అవతల వంక పక్కన. మా పెద్దనాయన చేను ఆరు మైళ్లు నడిచి పోదు కదా. ఆయన మాతో పదకొండేళ్లు మాట్లాడలేదు. తర్వాత మా చుట్టూ ఇంకో తొమ్మిది బోర్లు పడ్డాయి. మా బోరూ ఎండింది. 2003లో 600 అడుగులు పోయినా దుమ్మే లేచింది. అప్పటికే 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటాం. బోరుకూ బోరుకూ మధ్య ఇంత దూరం ఉండాలని అందులో పెట్టారు. మాకు అది ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

క్రిల్ సంగతీ అదే. ఓడ ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడికే పోతుంది. డీజిలు ఖర్చు పెట్టుకున్నవాడు పలుచటి చోట వల వేయడు, నేనైనా వేయను. వల చివర గొట్టం పెట్టి క్రిల్‌ను ఆపకుండా ఓడలోకి తోడేసే పద్ధతి ఇప్పుడు వచ్చింది. మోటారు పెట్టి తోడినట్టే. చిక్కగా ఉండే ఆ చోట్లు అంటార్కిటికా ద్వీపకల్పం ఒడ్డున, దీవుల చుట్టూ ఉన్నాయి. పెంగ్విన్లు గూళ్లు పెట్టేదీ అక్కడే, తిమింగలాలు మేతకు వచ్చేదీ అక్కడికే. గూట్లో పిల్ల ఉన్న పెంగ్విన్ దూరం పోలేదు. పోతే తిరిగి వచ్చి మేత పెట్టేలోపు పిల్ల ఉండదు. దానికి 6 కోట్ల టన్నుల లెక్క చెప్పి ఏం లాభం? దాని లెక్క గూటి చుట్టూ ఉన్న కొద్ది కిలోమీటర్లే. మా పెద్దనాయన బావి లాగా.

2022 జనవరిలో సౌత్ ఆర్క్‌నీ దీవుల దగ్గర వెయ్యి దాకా ఫిన్ తిమింగలాలు ఒకేచోట మేస్తూ కనిపించాయి. అంత మంద కనబడటమే పండగ. వాటి మధ్యలోనే నాలుగు పెద్ద ఓడలు వలలు లాగుతూ తిరుగుతున్నాయి. ఎలిఫెంట్ దీవిలో చిన్‌స్ట్రాప్ పెంగ్విన్ జతలు 1971తో పోలిస్తే 2020 నాటికి సగానికి పైగా తగ్గాయి. ఓడలే కారణమని నేననను. వేడి పెరగడం, మంచు తగ్గడం ముందు నుంచీ ఉన్నాయి. కరువు ఏడాది బోరు వేసేవాడూ వానను తానే ఆపలేదంటాడు. నిజమే, ఆపలేదు. కానీ కరువు ఏడాదే పక్కవాడి బావి ముందు ఎండుతుంది.

2009లో మీ కమిషన్ ఈ సంగతి కనిపెట్టి ఒక నియమం పెట్టింది. 6 లక్షల 20 వేల టన్నులూ ఒక్కచోటే తోడకుండా నాలుగు భాగాలకు హద్దులు గీసింది. ద్వీపకల్పం వైపు 25 శాతానికి, అంటే 1 లక్షా 55 వేల టన్నులకు మించకూడదని. ఇది మాకు బాగా తెలిసిన పని. చెరువు కింద నీరుగంటి చేసేది ఇదే. చెరువులో ఎంత నీరుందో అందరికీ కనపడుతుంది. ఏ మడికి ఎంత, ఎప్పుడు అన్నది నీరుగంటి చూసుకుంటాడు. నీళ్లు తక్కువైన ఏడాది చివరి మడి ఎండకుండా తూము దగ్గర నిలబడి పంపకం చేస్తాడు. తిట్లు తింటాడు గానీ గట్టు తెగనివ్వడు.

2024 అక్టోబరులో ఆ నియమం పొడిగించడానికి మీలో ఏకాభిప్రాయం కుదరలేదు. గడువు తీరిపోయింది. నీరుగంటి ఇంటికి పోయాడు. 2025లో ఏమైందో మీకు తెలుసు. మొత్తం హద్దు ఆగస్టు మొదటికల్లా నిండిపోయి, నవంబరు దాకా ఉండాల్సిన సీజను మూసేయాల్సి వచ్చింది. ఆ హద్దు పెట్టాక అట్లా మూయడం అదే మొదటిసారి. ద్వీపకల్పం వైపు పట్టింది పాత వాటాను దాటిపోయింది. మొత్తం లెక్కలో చూస్తే మాత్రం ఎవరూ తప్పు చేయలేదు. నూటికి ఒకటే.

మా ఆవిడది కడప జిల్లా పోరుమామిళ్ల. అక్కడి చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని ఆ రాతి మీద చెక్కించారు. కట్ట ఊరడం ఒక దోషం, చౌడు నేల ఒక దోషం. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషం. ఇంకొకటి చదివి నాకు నవ్వు, భయం రెండూ వచ్చాయి: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. రెండు రాజ్యాలకే వాళ్లు భయపడ్డారు. మీ కమిషన్‌లో 27 మంది సభ్యులు, అందరూ ఒప్పుకుంటేనే పని, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. ఇంత సరిహద్దుల చెరువు ఇంకెక్కడుంటుంది?

అయినా అలాంటి చెరువుకూ ఒకసారి గట్టు పడింది. అంటార్కిటికాను ఆనుకున్న రాస్ సముద్రంలో 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా రక్షిత ప్రాంతం చేయాలన్న మాట ఏళ్ల తరబడి నలిగింది. 2016లో అదే హోబార్ట్‌లో అందరూ ఒప్పుకున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను, లేకపోతే మిల్లు పని చూసుకునేవాణ్ని.

భారతదేశం 1986 నుంచి ఆ కమిషన్ సభ్యురాలు. మన సాగర్ సంపద నౌక 1995-96లో క్రిల్‌ను పరిశీలించడానికి అంత దూరం పోయి వచ్చింది. తూర్పు అంటార్కిటికాలో, వెడ్డెల్ సముద్రంలో రక్షిత ప్రాంతాలు పెట్టాలన్న ప్రతిపాదనలకు 2021లో మన ప్రభుత్వం మద్దతు ప్రకటించింది. చదివి సంతోషపడ్డాను. కానీ మద్దతు ప్రకటించడం వేరు, పంచాయితీలో అరుగు మీద కూర్చుని "ఇది తేలేదాకా నేను లేవను" అనడం వేరు. మా ఊళ్లో ఆ తేడా చిన్నపిల్లలకూ తెలుసు.

నేను అడిగేది పెద్దది కాదు. క్రిల్ పట్టొద్దని నేను అడగను. నూనె అమ్ముకుని బతికేవాణ్ని, ఆ మాట నా నోట రాకూడదు. రేపు మన ఓడలే పోయినా నేను అడ్డు చెప్పను. పంపకం తిరిగి రావాలి, అంతే. మొత్తం హద్దు పెంచే మాట ఎవరైనా ఎత్తితే, ముందు ఆ నాలుగు భాగాల హద్దు మళ్లీ పెట్టండి, తర్వాతే పెంచే సంగతి అని మీరు అనాలి. నాలుగు భాగాలు కూడా పెద్దవే, ఒక్కో భాగంలో మళ్లీ ఓడలన్నీ ఒకే మూలకు చేరగలవు. గూళ్లు పెట్టే నెలల్లో కాలనీల చుట్టూ తోడకుండా ఇంకా చిన్న మడులుగా విడగొట్టాలి. ద్వీపకల్పం చుట్టూ రక్షిత ప్రాంతం కావాలని అర్జెంటీనా, చిలీ ప్రతిపాదన పెట్టాయి. ఆ రెండు ఊర్ల వాళ్లూ ఆ చెరువు కట్ట కింద ఉన్నవాళ్లు. వాళ్ల పక్కన మన కుర్చీ ఉండాలని నా కోరిక.

ఇంకొక్కటి. సమావేశం అయ్యాక నివేదిక ఇంగ్లీషులో వస్తుంది, వందల పేజీలు. మా పెద్దోడు కొంత చదివి ఫోనులో చెప్పాడు, వాడికీ సగం అర్థం కాలేదు. భారతదేశం ఏమంది, ఎవరు కాదన్నారు, ఎందుకన్నారు అన్నది మీరు తిరిగి వచ్చాక ఒక్క పేజీ తెలుగులో పెట్టండి. హిందీలో, తమిళంలో, మలయాళంలో కూడా పెట్టండి. ఇక్కడ చదివేవాళ్లు ఉన్నారు. మా మిల్లులో గోడకు అతికిస్తాను. బుడ్డలు తెచ్చిన రైతులు తూకం అయ్యేదాకా ఏదో ఒకటి చదువుతూనే ఉంటారు. ఇప్పుడక్కడ మా మిల్లు లైసెన్సు, ఒక పాత క్యాలెండరు ఉన్నాయి. క్యాలెండరు తీసేస్తాను.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి ఒక నూనె మిల్లువాడు